స్టీలు స్కేలుతో వెలుగును కొలుద్దాం.. ప్లస్‌ ఆర్‌ మైనస్‌ ఎంత?

సైటులో పనిచేసే మనవాళ్లకు 'ప్లస్‌ ఆర్‌ మైనస్‌' అనే మాట కొత్తేం కాదు. డ్రాయింగు మూలన 'ప్లస్‌ ఆర్‌ మైనస్‌ 5 ఎంఎం' అని రాసి ఉంటుంది. షట్టరింగ్‌ చెక్‌ చేయడానికి వచ్చిన కన్సల్టెంటూ అదే మాట అంటాడు. టోటల్‌ స్టేషన్‌ డబ్బాలోని చిన్న పుస్తకంలో కూడా ఆ గుర్తే ఉంటుంది. కానీ ఈ మూడు చోట్లా దాని అర్థం ఒక్కటి కాదు. డ్రాయింగు మీద ఉన్నది పని ఎంత తేడాను ఓర్చుకుంటుందో చెబుతుంది. దాన్ని టాలరెన్స్‌ అంటాం. పరికరం పుస్తకంలో ఉన్నది కొలతను ఎంతవరకు నమ్మవచ్చో చెబుతుంది. దాన్నే సైన్సువాళ్లు కొలతలో అనిశ్చితి అంటారు.

ఈ రెండో దాని గురించి మనలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. పాలిటెక్నిక్‌లో ఫిజిక్స్‌ ల్యాబ్‌ ఉంటుంది. రీడింగులు తీస్తాం, సూత్రంలో వేస్తాం, జవాబు రాస్తాం, సంతకం పెట్టించుకుంటాం. 'ఈ జవాబును ఎంతవరకు నమ్మాలి' అని అడిగేవారు తక్కువ. ఇక్కడ గల్ఫ్‌లో అదే ప్రశ్న జీతం దాకా వస్తుంది. రెండు లెవెళ్ల మధ్య తేడా వస్తే తప్పు పరికరానిదా, మనిషిదా, అసలు అది తప్పేనా అన్నది తేల్చాలంటే ఈ లెక్క తెలిసి ఉండాలి.

లెక్క నేర్చుకోవడానికి ఒక చక్కటి ప్రయోగం ఉంది. పెద్ద ల్యాబ్‌ అక్కర్లేదు. స్టీలు స్కేలు, ఎర్ర లేజర్‌ పాయింటర్‌, టేపు, ఖాళీ గోడ ఉంటే చాలు. వీటితో వెలుగు తరంగదైర్ఘ్యాన్ని, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా చిన్నదాన్ని కొలవవచ్చు. లేజర్‌కు సైద్ధాంతిక పునాది వేసినవారిలో ఒకరైన ఆర్థర్‌ షాలో 1965లో ఈ పద్ధతిని ఒక అమెరికన్‌ ఫిజిక్స్‌ పత్రికలో వివరించారు. ఆయనకు 1981లో నోబెల్‌ బహుమతి వచ్చింది. ముసఫ్ఫాలోని మా క్యాంపు వరండాలో ఒక శుక్రవారం సాయంత్రం దీన్ని చేసి చూశాం.

స్కేలు మీది గీతలు ఏం చేస్తాయి?

స్టీలు స్కేలు ఒక అంచున అర మిల్లీమీటరుకో గీత ఉంటుంది. గీత నల్లగా ఉంటుంది, మధ్యలోని లోహం మెరుస్తుంది. లేజర్‌ కిరణం స్కేలు మీద పడితే మెరిసే ప్రతి పట్టీ కొంత వెలుగును వెనక్కి పంపుతుంది. పక్కపక్క పట్టీల నుంచి వచ్చే వెలుగు గోడను చేరడానికి నడిచే దూరాల్లో కొద్దిగా తేడా ఉంటుంది. ఆ తేడా సరిగ్గా ఒక తరంగం అంతో, రెండు తరంగాలంతో, మూడు తరంగాలంతో అయినచోట వెలుగులన్నీ కలిసి బలపడి చుక్కగా కనిపిస్తాయి. మిగతాచోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. దీన్నే వివర్తనం అంటారు.

ఎర్ర వెలుగు తరంగం 0.00065 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అంత చిన్నదానికి అర మిల్లీమీటరు గీతలు ఎలా సరిపోతాయని అనుమానం రావచ్చు. కిటుకు ఏటవాలులో ఉంది. రోడ్డు పక్క కరెంటు స్తంభాలను ఎదురుగా నిలబడి చూస్తే దూరదూరంగా ఉంటాయి. రోడ్డు వెంబడి చూస్తే ఒకదానికొకటి అతుక్కున్నట్టు కనిపిస్తాయి. లేజర్‌ను స్కేలును రాసుకుంటూ పోయేలా పెడితే గీతలు కూడా అలాగే దగ్గరవుతాయి.

ఇలా పెట్టాలి

స్కేలును టేబుల్‌ మీద, పొడవు గోడవైపు ఉండేలా పెట్టాలి. దాని చివర టేబుల్‌ అంచుకు సరిగ్గా రావాలి. గోడ 4 మీటర్ల దూరంలో ఉంటే మంచిది. లేజర్‌ను రెండు చెక్కముక్కల మీద టేపుతో కదలకుండా బిగించి, కొద్దిగా కిందికి వంచాలి. కిరణంలో కొంత భాగం స్కేలు పక్కనుంచి తిన్నగా పోయి గోడ మీద కింద ఒక చుక్క పెడుతుంది. స్కేలుకు అద్దంలోలా తగిలి లేచిన భాగం పైన ఇంకో చుక్క పెడుతుంది. ఈ రెండింటికీ సరిగ్గా మధ్యబిందువే మన సున్నా లెవెల్‌. అద్దం చుక్కకు పైన వరుసగా ఒకటో చుక్క, రెండోది, మూడోది కనిపిస్తాయి.

ఒక జాగ్రత్త. అర మిల్లీమీటరు గీతలు అంచు దగ్గర పొట్టిగా ఉంటాయి. కిరణం లోపలికి జరిగితే వాటికి బదులు 1 మిల్లీమీటరు గీతలే తగులుతాయి. చుక్కలు దగ్గరగా వస్తాయి. అది తెలియక అర మిల్లీమీటరు అనుకుని లెక్క వేస్తే జవాబు సగానికి, 325 నానోమీటర్లకు పడిపోతుంది. అది కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి. గోడ మీద ఎర్ర చుక్క కనపడుతుంటే అలాంటి జవాబు వచ్చిందంటే అది ప్లస్‌ ఆర్‌ మైనస్‌ కాదు, ఉత్త పొరపాటు. పొరపాటును వెతికి తీసేయాలి. దాన్ని అనిశ్చితి లెక్కలో కలపకూడదు.

ఇంకో జాగ్రత్త కళ్లకు. 1 మిల్లీవాటు లోపు ఉండే రెండో తరగతి పాయింటరే వాడాలి. కిరణం గానీ, స్కేలు నుంచి లేచేది గానీ ఎవరి కంటి ఎత్తులోనూ ఉండకూడదు. సైటులోని పెద్ద లేజర్‌లతో ఈ ఆట వద్దు.

లెక్క ఇలా

మాకు వచ్చిన కొలతలు ఇవి. స్కేలు మీద కిరణం పడిన మచ్చ మధ్య నుంచి గోడకు 4,000 మి.మీ. సున్నా లెవెల్‌ నుంచి అద్దం చుక్క 100 మి.మీ. ఎత్తు. మూడో చుక్క సగటున 368 మి.మీ. ఎత్తు.

ఎత్తును దూరంతో భాగిస్తే ఏటవాలు వస్తుంది. అద్దం చుక్కకు 0.025, మూడో చుక్కకు 0.092. సర్వేవాళ్ల క్యాలిక్యులేటర్‌లో ఈ కోణాల కొసైన్లు తీస్తే 0.999688, 0.995795. రెండింటి తేడా 0.003893. దాన్ని గీతల ఎడం 0.5తో హెచ్చించి, మూడో చుక్క కాబట్టి 3తో భాగించాలి. 0.000649 మిల్లీమీటర్లు, అంటే 649 నానోమీటర్లు వస్తుంది. ఎర్ర పాయింటర్ల చీటీ మీద సాధారణంగా 630 నుంచి 680 అని, 650 అని ఉంటుంది. కాబట్టి దారిలోనే ఉన్నాం.

ఇక్కడ దశాంశాలు కత్తిరించవద్దు. ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉన్న రెండు అంకెల తేడా తీస్తున్నాం. మూడు స్థానాలకే ఆపేస్తే 1.000 లోంచి 0.996 తీసేసి 0.004 అంటాం. జవాబు 667కు ఎగిరిపోతుంది. వెలుగు ఏం మారలేదు, మన బద్ధకం 18 నానోమీటర్లు కలిపింది.

అనుమానాల పట్టిక

ఇప్పుడు అసలు పని. 649 అన్నాం సరే, ఎంత నమ్మకంతో అన్నాం? సైటులో బిల్లు తయారు చేసేటప్పుడు ఒక్కో ఐటమ్‌ రాసుకున్నట్టు ఒక్కో అనుమానాన్నీ విడివిడిగా రాసుకోవాలి. 1993లో అంతర్జాతీయ సంస్థలు కలిసి ఐఎస్‌ఓ ద్వారా విడుదల చేసిన గైడు కూడా ఇదే చెబుతుంది. అందులో అనుమానాలను లెక్కగట్టే దారులు రెండు. మొదటిది, మళ్లీమళ్లీ కొలిచి రీడింగులు ఎంత చెదిరాయో చూడటం. రెండోది, మళ్లీ కొలవకుండానే పరికరం గురించి, పద్ధతి గురించి మనకు తెలిసినదాన్ని బట్టి అంచనా కట్టడం. ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని లేదు. రెండూ కావాలి.

మూడో చుక్క: దీన్ని అయిదుసార్లు, మనిషి మార్చి మనిషితో కొలిపించాం. 367, 369, 368, 368.5, 367.5 వచ్చాయి. సగటు 368. సగటు నుంచి ఒక్కోదాని తేడాను వర్గం చేసి కూడితే 2.5. దాన్ని నాలుగుతో, అంటే రీడింగుల సంఖ్యలో ఒకటి తగ్గించి, భాగించి వర్గమూలం తీస్తే 0.79. ఒక్క రీడింగు చెదురు అది. అయిదింటి సగటు తీసుకున్నాం కాబట్టి అయిదు వర్గమూలంతో భాగిస్తే 0.35 మి.మీ. దీనికి టేపు మీద మిల్లీమీటరు గీతల మధ్య ఎక్కడో చదివిన అనుమానం కలపాలి. అది అటూ ఇటూ అర మిల్లీమీటరు. ఆ హద్దుల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు కాబట్టి 1.73తో, అంటే మూడు వర్గమూలంతో భాగిస్తాం. 0.29 వస్తుంది. రెండూ కలిపి సుమారు 0.45 మి.మీ.

గోడ దూరం: టేపు పట్టడంలో పెద్ద తేడా రాదు. చిక్కు వేరే ఉంది. 3 మి.మీ. మందం ఉన్న కిరణం 40కి 1 వాలులో పడితే స్కేలు మీద 120 మి.మీ. మచ్చగా సాగుతుంది. ఆ మచ్చలో ఎక్కడి నుంచి దూరం కొలవాలి? మధ్య నుంచి అనుకున్నా అటూ ఇటూ 10 మి.మీ. అనుమానం తప్పదు. 1.73తో భాగిస్తే 5.8 మి.మీ.

అద్దం చుక్క: అటూ ఇటూ 1 మి.మీ. అనుకుంటే 0.58 మి.మీ.

స్కేలు గీతలు: 150 మి.మీ. పొడవులో 0.1 మి.మీ. తేడా ఉందనుకున్నా నూటికి 0.07 వంతు కూడా కాదు. 1.73తో భాగిస్తే 0.04 శాతం.

ఇప్పుడు ఒక్కోదాన్ని అంత మేర కదిలించి జవాబు ఎంత కదులుతుందో క్యాలిక్యులేటర్‌లోనే చూడవచ్చు. పెద్ద గణితం అక్కర్లేదు. గోడ దూరం వల్ల 1.9 నానోమీటర్లు, మూడో చుక్క వల్ల 1.7, అద్దం చుక్క వల్ల 0.6, స్కేలు గీతల వల్ల 0.25.

వీటిని మామూలుగా కూడితే నాలుగున్నర దాకా వస్తుంది. కానీ అలా కూడకూడదు. ఒకటి ఎక్కువైనప్పుడు ఇంకొకటి తక్కువ కావచ్చు, అన్నీ ఒకే వైపు తప్పడం అరుదు. అందుకే గునియా కోసం 3-4-5 ఎలా పడతామో అలా కూడాలి. 3, 4 కలిస్తే 7 కాదు, 5. ఒక్కోదాని వర్గం చేసి, కూడి, వర్గమూలం తీయాలి. 2.6 నానోమీటర్లు వస్తుంది. వంద ప్రయోగాల్లో సుమారు 95 సార్లు నిలబడే మాట చెప్పాలంటే దాన్ని రెట్టింపు చేస్తారు. అంటే 5.

తుది జవాబు: 649 ప్లస్‌ ఆర్‌ మైనస్‌ 5 నానోమీటర్లు. 648.83 అని రాస్తే గొప్పగా కనిపిస్తుంది గానీ, యూనిట్ల స్థానంలోనే అనుమానం ఉంటే దశాంశాలకు అర్థం లేదు.

ఈ పట్టిక జేబుకూ మంచిదే

పట్టిక వేశాక ఒక సంగతి తేటతెల్లం అవుతుంది. బజారుకు పోయి ఖరీదైన స్కేలు తెచ్చామనుకోండి. స్కేలు అనుమానం సున్నా అయినా మొత్తం 2.6 అలాగే ఉంటుంది. అదే మచ్చ మధ్యను జాగ్రత్తగా గుర్తించి గోడ దూరం అనుమానాన్ని సగం చేస్తే మొత్తం 2కు దిగుతుంది. పైసా ఖర్చు లేదు. పెద్ద అనుమానాన్ని వదిలేసి చిన్నదాని మీద డబ్బు పోయడం ల్యాబులోనూ దండగే, సైటులోనూ దండగే.

ఎన్నిసార్లు చదివినా పోనిది

మళ్లీమళ్లీ చదివి సగటు తీస్తే అనుమానం తగ్గుతుందన్నాం. ఇది ఒక రకం దోషానికే. ప్రతిసారీ ఒకే వైపు లాగే దోషం సగటుతో పోదు. వెయ్యిసార్లు చదివినా అదే తప్పు వెయ్యిసార్లు వస్తుంది. దీనికి మంచి ఉదాహరణ మన లెవెల్‌ మిషన్‌.

నేను పనిచేసిన ఒక సైటులో పోడియం స్లాబు దగ్గర రెండు గ్యాంగుల లెవెళ్లకు 4 మి.మీ. తేడా వచ్చింది. స్టాఫ్‌ పట్టుకున్నది జగిత్యాల వైపు కుర్రాడు, వచ్చి మూడు నెలలు కూడా కాలేదు. 'స్టాఫ్‌ వంకరగా పట్టావు' అని ఫోర్‌మన్‌ అతని మీద పడ్డాడు. ఒక రోజు జీతం కోత అన్నాడు. ఆ పిల్లవాడు నా దగ్గరికి వచ్చి 'అన్నా, నేను సక్కగనే పట్టిన. నాలుగుసార్లు సదివిండ్రు, నాలుగుసార్లు గదే అచ్చింది' అన్నాడు. అతను చెప్పినదాంట్లోనే జవాబు ఉంది. స్టాఫ్‌ వంగితే రీడింగు ఒక్కోసారి ఒక్కోలా చెదరాలి, నాలుగుసార్లూ ఒకేలా రాదు.

రెండు మేకుల పరీక్ష పెట్టాం. 60 మీటర్ల దూరంలో రెండు మేకులు కొట్టి, సరిగ్గా మధ్యలో మిషన్‌ పెట్టి చదివితే 1.432, 1.216. తేడా 0.216. మిషన్‌ చూపు పైకి గానీ కిందికి గానీ వాలి ఉన్నా, రెండు వైపులా దూరం సమానం కాబట్టి ఆ తప్పు రెండు రీడింగుల్లోనూ ఒకేలా ఉండి తేడా తీసినప్పుడు కొట్టుకుపోతుంది. కాబట్టి ఇదే నిజమైన తేడా. తర్వాత మిషన్‌ను మొదటి మేకుకు 2 మీటర్ల దగ్గరికి తెచ్చి చదివితే 1.510, 1.300. తేడా 0.210. మిల్లీమీటర్లలో ఆరు తగ్గింది. చదవడంలో వచ్చే తేడా మహా అయితే ఒకటీ రెండూ. ఆరు అంటే మిషనే వాలి ఉంది.

దగ్గరి మేకు 2 మీటర్లు, దూరపు మేకు 58 మీటర్లు. 56 మీటర్ల తేడాకు 6 మి.మీ. అంటే మీటరుకు 0.1 మి.మీ. పైచిలుకు. ఆ రోజు స్లాబు దగ్గర బ్యాక్‌సైట్‌ 15 మీటర్లు, ఫోర్‌సైట్‌ 55 మీటర్లు. 40 మీటర్ల తేడాకు 4 మి.మీ. గ్యాంగుల మధ్య వచ్చింది సరిగ్గా అదే. మిషన్‌ క్యాలిబ్రేషన్‌కు పోయింది. పిల్లవాడి జీతం కోత ఆగింది.

కాబట్టి ఫోర్‌సైట్‌, బ్యాక్‌సైట్‌ దూరాలు వీలైనంత సమానంగా పెట్టమని పెద్దవాళ్లు ఊరికే చెప్పలేదు. అది మిషన్‌లోని తప్పును మిషన్‌తోనే చంపే పద్ధతి. మన లేజర్‌ ప్రయోగంలో తిన్నటి చుక్క, అద్దం చుక్కల మధ్యబిందువును సున్నాగా తీసుకున్నది కూడా ఇందుకే. టేబుల్‌ ఎత్తును విడిగా కొలిచి తెచ్చే తప్పును అది లోపలికే రానివ్వదు.

మహామహులకూ తప్పలేదు

ఒకే వైపు లాగే దోషం ఎంత మొండిదో తెలియాలంటే వెలుగు వేగం కథ చూడాలి. 1907లో నోబెల్‌ పొందిన ఆల్బర్ట్‌ మైకెల్సన్‌ 1920లలో కాలిఫోర్నియాలోని మౌంట్‌ విల్సన్‌, మౌంట్‌ శాన్‌ ఆంటోనియో కొండల మధ్య వెలుగును పంపి, తిరిగే అద్దాలతో దాని వేగం కొలిచారు. కొండల మధ్య దూరం సుమారు 35 కిలోమీటర్లు. ఆ దూరాన్ని కొలిచి ఇచ్చింది అమెరికా ప్రభుత్వ సర్వే విభాగం. అంటే ఆ గొప్ప ప్రయోగంలో సగం బరువు మోసింది మనలాంటి టేపు, థియోడొలైట్‌ పనివాళ్లే. 1927లో ఆయన ప్రకటించిన అంకె సెకనుకు 2,99,796 కిలోమీటర్లు, ప్లస్‌ ఆర్‌ మైనస్‌ 4.

తర్వాత గాలి తీసేసిన ఒక మైలు పొడవు గొట్టంలో ప్రయోగం మొదలుపెట్టారు. 1931లో మైకెల్సన్‌ చనిపోయారు. సహచరులు పీస్‌, పియర్సన్‌ పూర్తి చేశారు. రెండు వేలకు పైగా రీడింగులు తీశారు. 1935లో వెలువడిన అంకె 2,99,774, ప్లస్‌ ఆర్‌ మైనస్‌ 11.

ఇవాళ వెలుగు వేగం 2,99,792.458 కిలోమీటర్లు. 1983లో మీటరునే ఈ అంకెతో నిర్వచించారు కాబట్టి ఇందులో అనుమానమే లేదు. ఇప్పుడు పోల్చి చూడండి. కొండల మీది పాత ప్రయోగం మూడున్నర తేడాతో తన హద్దులోనే ఉంది. గొట్టంలోని కొత్త ప్రయోగం 18 తేడాతో తన 11 హద్దు దాటిపోయింది. అన్ని రీడింగులూ కాపాడలేదు. ఎందుకంటే లెక్కలోకి రాని దోషమేదో ప్రతిసారీ ఒకే వైపు లాగింది. అది తెలిసింది వేరే పద్ధతులతో కొలిచాకే. 1950 నాటికి ఇంగ్లండ్‌లో లూయిస్‌ ఎసెన్‌ మైక్రోవేవ్‌లతో, స్వీడన్‌లో ఎరిక్‌ బెర్గ్‌స్ట్రాండ్‌ వెలుగు మిణుకులతో వేర్వేరుగా కొలిస్తే ఇద్దరికీ 2,99,792, 2,99,793 ప్రాంతంలోనే వచ్చింది. ఒకే దారిలో వందసార్లు నడవడం కన్నా రెండు దారుల్లో చెరోసారి నడిస్తే దోషం బయటపడే అవకాశం ఎక్కువ.

ఈ బెర్గ్‌స్ట్రాండ్‌ మనకు చుట్టమే. ఆయన సర్వే మనిషి. దూరం తెలిస్తే వెలుగు వేగం కొలవవచ్చు, వేగం తెలిస్తే అదే పరికరంతో దూరం కొలవవచ్చని ఆయన పట్టుకున్నారు. అలా పుట్టింది జియోడీమీటర్‌. స్వీడన్‌ కంపెనీ ఆగా 1953లో దాన్ని అమ్మకానికి తెచ్చింది. మనం రోజూ భుజాన మోసే టోటల్‌ స్టేషన్‌లో దూరం కొలిచే భాగానికి తాత అదే.

ఎండ కూడా లెక్కలోదే

టోటల్‌ స్టేషన్‌ పుస్తకంలో '2 మి.మీ. + 2 పీపీఎం' అని రాసి ఉంటే మొదటిది ఎంత దూరమైనా ఉండేది, రెండోది కిలోమీటరుకు 2 మి.మీ. చొప్పున పెరిగేది. కానీ ఈ హామీ గాలి వేడి, పీడనం సరిగ్గా ఎక్కించినప్పుడే. వేడి గాలిలో వెలుగు కాస్త వేగంగా పోతుంది. డిగ్రీకి సుమారు 1 పీపీఎం తేడా. మిషన్‌లో 15 డిగ్రీలు పెట్టి ఉండి, బయట 45 డిగ్రీలు కాస్తుంటే సుమారు 26 పీపీఎం. 500 మీటర్లకు 13 మి.మీ. పోయినట్టే. సైటులో వేడి ఎక్కించకుండా అయిదుసార్లు కొట్టి సగటు తీస్తే ఏం లాభం లేదు.

స్టీలు టేపూ అంతే. ఎక్కువ టేపులు 20 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉండేలా తయారవుతాయి. 45 డిగ్రీల్లో 30 మీటర్ల టేపు 8 మి.మీ. పైగా సాగుతుంది. 5 మి.మీ. టాలరెన్స్‌ ఉన్న పనిలో టేపు ఒక్కటే 8 తినేస్తే ఇంకేం మిగులుతుంది? ఇక మధ్యాహ్నం నేల మీది వేడికి స్టాఫ్‌ బొమ్మ నీళ్లలోలా ఆడుతుంది. ఆ పూట చూపు దూరం తగ్గించడం, నేలకు అర మీటరు పైనే చదవడం మంచిది.

క్యాలిబ్రేషన్‌ సర్టిఫికెట్‌ చేతికి వస్తే స్టాంపు ఒక్కటే చూసి ఫైల్‌లో పెట్టేయకండి. అందులో అనిశ్చితి అని ఒక అంకె, పక్కన రెట్టింపు గుణకం 2 అని ఉంటుంది. మనం పైన 2.6ను 5 చేసింది అదే. తేదీ కూడా చూడండి.

ఊళ్లో పిల్లల రికార్డులు

మనలో చాలామంది పిల్లలు ఇంటర్‌లోనో, పాలిటెక్నిక్‌లోనో ఉన్నారు. కుంభాకార కటకం నాభ్యంతరం ప్రయోగం వాళ్లకు ఉంటుంది. జవాబు ముందే తెలుసుకుని రీడింగులు వెనక నుంచి అల్లేయడం చాలాచోట్ల అలవాటు. అలా రాసిన రికార్డుకు మార్కులు పడవచ్చు. కానీ ఆ పిల్లవాడే రేపు లెవెల్‌ బుక్కు కూడా వెనక నుంచే రాస్తాడు. అక్కడ నష్టం మార్కులతో ఆగదు.

ఫోన్‌ చేసినప్పుడు 'ఎన్ని మార్కులు?' అనే కాదు, 'ఎన్నిసార్లు కొలిచావు? అన్నీ ఒకేలా వచ్చాయా?' అని అడగండి. కటకం నుంచి దీపం 30 సెం.మీ., తెర 15 సెం.మీ. ఉంటే నాభ్యంతరం 10 సెం.మీ. దీపం దూరంలో 0.2 అనుమానం ఉంటే జవాబులో 0.02 మాత్రమే కదులుతుంది. తెర దూరంలో 0.3 అనుమానం 0.13 కదిలిస్తుంది. అంటే శ్రద్ధ అంతా తెర మీద పెట్టాలి. బొమ్మ స్పష్టంగా ఉందనిపించే చోటు ఒక్కటి కాదు, కొంత మేర ఉంటుంది. తెరను ముందుకు జరిపి మసకబారేచోట ఒక గుర్తు, వెనక్కి జరిపి మసకబారేచోట ఇంకో గుర్తు పెట్టి మధ్యబిందువు తీసుకోమని చెప్పండి. ఆ రెండు గుర్తుల ఎడమే అనుమానం ఎంతో కూడా చెప్పేస్తుంది. జవాబు 10.0 ప్లస్‌ ఆర్‌ మైనస్‌ 0.1 సెం.మీ. అని రాసిన పిల్లవాడు ఉత్త 10 అని రాసినవాడికన్నా ఎక్కువ నేర్చుకున్నట్టు.

గుర్తుంచుకోవాల్సినవి

- రీడింగు ఒక్కటే తీస్తే దాని చెదురు ఎంతో తెలియదు. కనీసం మూడు తీయండి, వీలైతే మనిషిని మార్చి తీయించండి.
- నచ్చని రీడింగును కొట్టేయకండి. కారణం దొరికితే కారణం రాసి పక్కన పెట్టండి.
- అనుమానాలన్నీ పట్టికగా రాసి, పెద్దదాని మీద ముందు పని చేయండి.
- రెండు కొలతల తేడా వాటి అనుమానం లోపలే ఉంటే గొడవ అక్కర్లేదు. దాటితే మనిషిని తిట్టే ముందు మిషన్‌ను పరీక్షించండి.
- అనుమానం టాలరెన్స్‌ కన్నా బాగా చిన్నదిగా ఉంటేనే 'పాస్‌' అనే మాటకు విలువ.

'నాకు ఇంతే తెలుసు, ఇంతకు మించి తెలియదు' అని అంకెలో చెప్పడమే ప్లస్‌ ఆర్‌ మైనస్‌. అది చేతకానితనం కాదు. కొలిచినవాడి సంతకం లాంటిది. అది పక్కన ఉంటే కన్సల్టెంటుతో అయినా, ఫోర్‌మన్‌తో అయినా గొంతు పెంచకుండా మాట్లాడవచ్చు.

- వ్యాసకర్త అబుదాబిలో కన్‌స్ట్రక్షన్‌ సూపర్‌వైజర్‌